ఎడమ చేతి గొలుసు

రాధమ్మ చివరిగా చేసిన మామూలు పని, కుక్క గొలుసును కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకోవడం.

గేటు బయట పక్కింటి కోడలు షాహిస్తా గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆ వెనకే ఆమె అత్త జైబున్నీసా. గిన్నె రాధమ్మదే, అంచు మీద ఆమె పేరు కొట్టించి ఉంది. పొద్దున అందులో చింతకాయ తొక్కు పెట్టి పంపింది. తీసుకున్న గిన్నెను ఖాళీగా తిప్పి పంపే అలవాటు ఆ రెండిళ్లలో దేనికీ లేదు కాబట్టి, మధ్యాహ్నానికి అది పొగలు కక్కే సేమ్యాతో తిరిగి వచ్చింది. ఎదుటివాళ్లు ఇచ్చేది ఎడమ చేత్తో అందుకోవడమంటే రాధమ్మ దృష్టిలో వాళ్ల మొహాన ఉమ్మినట్టే. అందుకని గొలుసును ఎడమ చేతికి మార్చి, మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, కుడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, మెట్టు మీద నిలబడి చెయ్యి చాచింది.

కుక్క ఒక్కసారిగా గేటు మీదికి దూకింది. మణికట్టుకు చుట్టుకున్న గొలుసు ఊడి రాలేదు, మనిషే ఊడి వచ్చింది. మెట్టు మీద నుంచి ముందుకు పడి, వాకిట్లో పరిచిన కడప బండకు తల తగిలి, రాధమ్మ మళ్లీ లేవలేదు.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో వారం పైన కళ్లు తెరవకుండా పడుకుని, ఒక మధ్యాహ్నం పోయింది. కూతురు హరిణి ఆ ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు కాబట్టి, అన్నాళ్లూ పక్కనే కూర్చుంది. తల దెబ్బ కట్టు కింద కనబడలేదు. ఆమెకు కనబడింది ఎడమ మణికట్టు మీద గొలుసు ఒత్తుకున్న గుర్తు. మొదట ఎర్రగా, తరువాత నీలంగా, ఆఖరికి పచ్చగా మారింది. రోజూ ఆ రంగు మారడం చూస్తూ హరిణి ఒక్క మాటే అనుకుంది: దీన్ని ఊరికే వదలను.

పగ పట్టడం ఆమె తల్లి దగ్గరే నేర్చుకుంది.

రాధమ్మది చక్రాయపేట దగ్గర చిన్న పల్లె. గుమాస్తా అనంతకృష్ణను కట్టుకుని జమ్మలమడుగు వచ్చిన నాటి నుంచి ఆ వీధి దాటి పెద్దగా తిరిగింది లేదు. గట్టిగా మాట్లాడేది కాదు, ఎవరితోనూ గొడవ పెట్టుకునేది కాదు. కానీ తనకు జరిగిన అవమానాన్ని ఒక్కదాన్ని కూడా పారేసుకునేది కాదు. మొగుడి పినతండ్రి కూతురు ఒకసారి “మీ ఇంట్లో కాఫీ నీళ్ల మాదిరి ఉంటాది వదినా” అన్నది. అప్పటి నుంచి ఆమె వచ్చినప్పుడల్లా రాధమ్మ రెండు డికాషన్లు తీసేది. అందరికీ చిక్కటిది. ఆమెకు మాత్రం నిజంగానే నీళ్ల మాదిరి ఉండేదాన్ని, ఇంట్లో ఉన్న మంచి వెండి గ్లాసులో పోసి, నవ్వుతూ ఇచ్చేది. రవిక పాడు చేసిన దర్జీ అంగడి ముందు, ఇంకొకరి దగ్గర చక్కగా కుట్టించుకున్న రవిక తొడుక్కుని పోయి, “టైమెంతయిందప్పా?” అని అడిగి వచ్చేది. హరిణిని నాలుగో తరగతిలో చెంప మీద కొట్టిన పెద్ద టీచరమ్మకు హరిణి పెళ్లి శుభలేఖ పంపింది. పెళ్లి అయిపోయిన మరుసటి రోజు అందేటట్టు పంపింది.

“పగ పెరుగు తోడు మాదిరి. రోజూ కొంచెం ఎత్తిపెట్టుకోవల్ల, లేకపోతే ఇరుగుతాది,” అనేది నవ్వుతూ.

ఆమె లెక్కలో తప్పు చేయని జీవి ఒకటే, కుక్క. దాని పేరు గోపి.

అనంతకృష్ణ ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు పులివెందులలో పనిచేశాడు. బోర్లు ఎండిపోయిన ఒక ఎండాకాలం అక్కడొక చీనీ తోటలో బత్తాయి చెట్లన్నీ కొట్టేస్తుంటే, తోట కాపలా కుక్కను ఆయనకు అంటగట్టారు. ఎర్రమట్టి రంగు, పొడుగాటి మనిషి నడుం దాకా వచ్చే ఎత్తు, ఒక చెవి చీలి ఉండేది. అట్లాంటి దానికి గోపి అని పేరు పెట్టింది రాధమ్మ. కూర్చోమంటే కూర్చునేది. అన్నం ముందు పెట్టి “తిను” అనేదాకా మూతి పెట్టేది కాదు. “ఈ ఇంట్లో చెప్పిన మాట ఇనేవాడు వీడొక్కడే,” అని మొగుడికి వినిపించేట్టు అనేది.

అయితే ఆ మాట వినేవాడు పక్కింటి వాళ్ల మీద మాత్రం పులిలాగా పడేవాడు.

మొదట కరిచింది జైబున్నీసానే. గోడ దగ్గర నిలబడి రాధమ్మతో చాలాసేపు మాట్లాడింది, గోపి ఆమె కాళ్ల దగ్గరే పడుకుని ఉన్నాడు. కోడలు షాహిస్తా వచ్చింది, అత్తాకోడళ్లు తమ భాషలో ఏదో రెండు ముక్కలు అనుకున్నారు, అంతే. జైబున్నీసా ముంజేతికి కుట్లు పడ్డాయి. తరువాత వాళ్లింటికి చుట్టపు చూపుగా వచ్చిన అఖ్తర్ బీ చీర కుచ్చెళ్లు పీకేశాడు. ఆ తరువాత జైబున్నీసా కొడుకు ఖాజా ప్యాంటు మోకాలి దగ్గర చినిగింది. వీధిలో పాలవాడు, కరెంటు బిల్లు వాడు, చీపుర్లమ్మే ఆమె, ఎవరూ జంకకుండా గేటు తీసుకుని లోపలికి వచ్చేవాళ్లు. సాయిబుల ఇంటి వాళ్లంటేనే గోపికి గిట్టదని వీధి తేల్చేసింది.

ఖాజా కువైట్ నుంచి తిరిగొచ్చి ట్రాలీ ఆటో నడుపుకునేవాడు. నోరు ఊరుకునేది కాదు.

“రాధమ్మత్తా, మీ కుక్కకు మా పేర్లెట్ల తెలుస్తాండాయి? ఆధార్ కార్డు అడుగుతాదా ఏంది కరిచే ముందర?”

“మావానికి ఉర్దూ రాదులే ఖాజా. మీరు మాట్లాడేది అర్థం గాక బెదిరిపోతాండాడు. నువ్వన్నా నేర్పించకూడదా?”

“నేర్పిస్తా, నేర్పిస్తా. ఫస్టు నా ప్యాంటు దానికి తొడిగించి నేర్పిస్తా.”

అందరూ నవ్వారు. నవ్విన తరువాత ఖాజా, “నవ్వులాట కాదత్తా, దాన్ని యాడన్నా ఇడిచిపెట్టండి, లేదంటే నేనే ఏదో ఒకటి పెడతా,” అన్నాడు. జైబున్నీసానే కొడుకును ఆపింది. కుట్లు వేసిన చేత్తోనే వాడి వీపు మీద ఒకటి వేసి, “నోరు లేనిదాని మీద పగేంది రా నీకు?” అన్నది. రాధమ్మ మరునాడు ఇనుప గొలుసు తెప్పించింది. గోపి ఇక గొలుసు లేకుండా వాకిట్లోకి రాలేదు. ఆ గొలుసే ఇప్పుడు ఆమెను తీసుకుపోయింది.

కర్మలన్నీ ముగిసి చుట్టాలు వెళ్లిపోయిన మరునాడు హరిణి పెరట్లోకి వచ్చేసరికి, తండ్రి గోపి ముందు పెరుగన్నం పెట్టి కూర్చుని ఉన్నాడు. కుక్క తినడం లేదు. ఎవరో చెప్పాలని ఎదురు చూస్తున్నట్టు ఇంటి తలుపు వైపు చూస్తోంది.

“దానికి అన్నం పెట్టద్దు నాయనా.”

“ఆకలేస్తాందమ్మా దానికి.”

“ఆకలేయనీ.”

అనంతకృష్ణ గిన్నె తీయలేదు. ముందుకు జరపనూ లేదు, అంచు పట్టుకుని కూర్చున్నాడు. “పులివెందులకే తిరిగి పంపిద్దాం పాపా. ఆ తోటలో ఇప్పుడు అరటి పెట్టినారంట. కాపలాదారు ఓబుళేసు ఆడనే ఉండాడు. దాన్ని పెంచినోడు వాడే.”

“తోటలో నీడన పండుకోనీకా? అమ్మను చంపినందుకు బహుమానమా?”

“చంపల్లని చంపలేదమ్మా అది.”

“అమ్మ చావల్లని చచ్చిందా?”

హరిణి గిన్నె లాక్కుని పెరుగన్నం గోడ అవతలకు విసిరేసింది.

ఆ వారమే ప్రొద్దుటూరులో ఒక పశువుల డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన నిదానస్తుడు. కరిచిందా అని అడిగాడు. ఇంతకుముందు కరిచింది, ఇప్పుడు లాగి పడేసింది అని చెప్పింది. ఇంకో చోట పెట్టే దారి చూడమన్నాడు. కుదరదంది. అయితే ఇంట్లో వాళ్లందరూ ఒప్పుకుంటే ఇంజక్షన్ ఉంది, చూద్దాం అన్నాడు.

“దానికి నొప్పి తెలుస్తాదా సార్?”

“అస్సలు తెలీదమ్మా. నిద్రలోకి పోయినట్టు పోతాది. ఆ భయం పెట్టుకోవద్దు.”

ఆమె భయం అది కాదు. నొప్పి తెలియని చావు దానికి ఎందుకివ్వాలి అన్నది ఆమె ప్రశ్న. మణికట్టు మీది నీలం కళ్ల ముందు మెదిలింది. డాక్టరుకు నమస్కారం పెట్టి బయటకు వచ్చేసింది.

ఆదివారం జమ్మలమడుగు వచ్చినప్పుడు గేటు దగ్గర ఖాజా ఎదురయ్యాడు. రెండిళ్ల మధ్య గిన్నెలు తిరగడం ఆగిపోయి ఉంది. పలకరించడానికి కూడా ఇద్దరూ తడబడ్డారు.

“ఏం జేసినారక్కా దాన్ని?”

“ఇంకా ఏం చెయ్యలా.”

“నా చేతికియ్యి. రాధమ్మత్త ఉన్నెప్పుడు ఆమె మొగం చూసి ఊరకుంటి. ఇప్పుడు ఎవుర్ని చూసి ఊరకుండల్ల?”

“ఇయ్యను. నేనే చేస్తా. నువ్వు ఆటో తీసుకునిరా చాలు.”

ఆ కుక్క విషయంలో ఆ రెండిళ్లకూ ఒకే మాట కుదిరింది అప్పుడే.

యాడికి అని ఖాజా అడిగాడు. హరిణి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కొండాపురం అవతల, గండికోట రిజర్వాయరు నీళ్ల కోసం ఖాళీ చేయించిన పల్లె ఒకటి ఉంది. ఇళ్లు పగలగొట్టి జనాన్ని కాలనీలకు పంపేశారు. మొండిగోడలు, స్తంభాలు, కంపచెట్లు. మేకలు కూడా అటు పోవు. అక్కడ కట్టేస్తే అరిచినంత సేపు అరుస్తుంది. వినేవాళ్లు ఉండరు. అమ్మ కూడా వారం పైన అట్లాగే పడుకుంది, ఎవరు పిలిచినా వినబడని చోట. అంతకంత చెల్లిపోతుంది.

తండ్రి మధ్యాహ్నం పడుకున్నప్పుడు గోపిని ఆటో వెనక ఎక్కించారు. ఎక్కమంటే ఎక్కాడు, కూర్చోమంటే కూర్చున్నాడు. దారంతా హరిణి వెనక కమ్మీ పట్టుకుని దాని ఎదురుగానే కూర్చుంది. దాన్ని చూస్తూ ఉండాలని ఆమె కోరిక. ఊరు దాటాక ఖాజాకు ఫోను వచ్చింది, షాహిస్తా. వదిలేసి వస్తానని, “ఉస్కు ఛోడ్‌కే ఆతూ,” అన్నాడు ఖాజా ఫోనులో.

గోపి దిగ్గున లేచాడు. గొలుసు బిగిసేదాకా ముందుకు దూకి, కాబిన్ అద్దం మీద కాళ్లు వేసి, పళ్లన్నీ బయటపెట్టి మొరిగాడు. ఆటో పక్కకు ఊగింది. ఖాజా ఫోను కింద పడేసుకున్నాడు.

“చూసినావా అక్కా! నా గొంతు ఇంటే సాలు దీనికి!”

“చూస్తాండా,” అంది హరిణి. ఆమెకు సంతోషమే కలిగింది. ఎక్కడైనా ఒక మూల కొంచెం జాలి మిగిలి ఉంటే అది కూడా పోయింది.

పల్లె చివర ఒక కూలిన ఇంటి పంచలో నాపరాతి స్తంభం ఒకటి నిలబడి ఉంది. మబ్బు పట్టి ఉంది, కనుచూపు మేరలో నీళ్లు పలుచగా మెరుస్తున్నాయి. ఖాజా అటూ ఇటూ చూసి నసిగాడు.

“కట్టెయ్యద్దక్కా. ఇడిచిపెట్టి పోదాం. దాని నసీబు ఎట్లుంటే అట్ల.”

“ఏదో ఒకటి పెడతానంటివే?”

“పెట్టేది వేరు. ఒక్క నిమిషంలో అయిపోతాది. ఇది వేరే.”

“నువ్వు ఆటోలో కూర్చో పో.”

గొలుసును ఆమె తానే స్తంభానికి చుట్టింది. అమ్మ మణికట్టుకు చుట్టుకున్నట్టే, రెండు చుట్లు. కొక్కెం వేసి లాగి చూసింది. “కూర్చో,” అంది. గోపి కూర్చున్నాడు. తోక ఊపలేదు, అరవలేదు. చీలిన చెవి నిలబెట్టి, ఆమె మొహంలోకి చూస్తూ, తరువాతి మాట కోసం కాచుకున్నట్టు కూర్చున్నాడు. ఆమె ఆ మాట చెప్పకుండానే వెనక్కు తిరిగి నడిచింది. ఆటో మలుపు తిరిగేదాకా అరుపు వినబడలేదు. మొదలవుతుందని చెవులు రిక్కించి కూర్చున్న ఆమెకు అదొక్కటే వెలితి.

ఇంట్లో తండ్రికి, తోటకిచ్చేశామని చెప్పారు. జైబున్నీసాకు కూడా ఖాజా అదే చెప్పాడు.

ఆ పక్షం రోజులు హరిణి బాగా నిద్రపోయింది. బళ్లో పిల్లల కాపీలు దిద్దుతూ, ఇప్పుడు అరుస్తూ ఉంటుంది అనుకునేది. అన్నం కలుపుకుంటూ, ఇప్పుడు గొంతు పోయి ఉంటుంది అనుకునేది. తరువాత అదీ పలుచబడింది. కుక్క చచ్చింది, అమ్మ చచ్చిపోయే ఉంది. తోడు అయిపోతే పెరుగు కోసం ఇంటింటికీ తిరిగినట్టు, పగ కోసం ఇంకొకరిని వెతికింది. దాన్ని మా ఇంట్లో పెట్టిందెవరు? తోటవాళ్లు. మనుషుల మీద పడే మృగాన్ని సంసారుల ఇంటికి పంపడానికి వాళ్లకు నోరెట్ల వచ్చింది? శ్రావణంలో సెలవు రోజు చూసుకుని పులివెందుల బస్సెక్కింది.

చీనీ చెట్లు లేవు. అరటి గెలలకు నీలం సంచులు కట్టి ఉన్నాయి. ఓబుళేసు కాలువ తిప్పుతూ, పార అక్కడే పెట్టి వచ్చాడు. అరవై దాటినవాడు, మెడలో ఎర్ర తువ్వాలు.

“ఎవురమ్మా, ఏం కావల్ల?”

“అనంతకృష్ణ గారి కూతుర్ని. ఆయనకొక కుక్కనిచ్చినారు మీరు.”

“ఓ, సారు కూతురా! తూటా ఎట్లుండాదమ్మా?”

“తూటా ఏంది?”

“దాని పేరు గదా. మీరేమని పిలుస్తాండారో.”

“గోపి.”

ఓబుళేసు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. “తూటాను పట్టుకోని గోపీ అన్యారా! ఓరి నీ...”

“మా అమ్మను చంపింది అది.”

నవ్వు ఆగిపోయింది. ఆమె అంతా చెప్పింది. పక్కింటి ఆమెను కరిచింది, చుట్టమ్మను పీకింది, గేటు మీదికి దూకి అమ్మను లాగి పడేసింది. “ఊరికే మనుషుల మీద పడే పిశాచాన్ని ఎట్ల ఇయ్యబుద్ధయింది మీకు?”

“ఊరికే పడదమ్మా అది.”

“పడింది అని చెప్తాండా గదా!”

“నేనూ చెప్తాండా. ఈ చేత్తో నేర్పిన్యా దానికి. దొంగోడు ఎదురుంగ నిలబడి కాయ కోస్తాండినా, నేననేదాకా కదిలేది గాదు. తూటా అని ఊరికే పెట్టినామా పేరు? నొక్కితేనే పోతాది.”

“ఏం నొక్కితే?”

“మాటమ్మా. ఉస్కో అనల్ల. అందురూ కుక్కల్ని అనే మాటే. అంటే యాడికైనా దూకుతాది, ఎదురుంగ ఎవురుంటే వాళ్ల మీద పడతాది. అనకపోతే పిల్లి మీదెక్కినా పట్టించుకోదు.” ఓబుళేసు ఆమె మొహంలోకి చూశాడు. “మీ ఇంట్లో దాన్ని ఉస్కో అనేది ఎవురమ్మా?”

“మా ఇంట్లో ఎవురూ అనరు,” అంది హరిణి.

అంటుండగానే ఆమె చెవిలో గోడ అవతలి గొంతులు మోగాయి. పుట్టినప్పటి నుంచి ఆ గోడ మీదుగా విన్న గొంతులు. ఉర్దూలో ఆమెకు తెలిసినవి తిండి పేర్లు, కొన్ని తిట్లు. తక్కినదంతా కుక్కరు కూత మాదిరి, విననట్టే విన్న చప్పుడు. ఆ చప్పుడులో ఇప్పుడు ఒకటే ముక్క పైకి తేలింది. ఉస్కు బాంధో. ఉస్కు పకడో. ఆటోలో ఖాజా, ఉస్కు ఛోడ్‌కే. గోపిని చూసి భయపడ్డప్పుడల్లా, కట్టెయ్యమనో పట్టుకోమనో వాళ్లు అరిచిన అరుపులు. భయపడి అరిచేకొద్దీ అది దూకింది, దూకేకొద్దీ వాళ్లు అరిచారు. మనిషి నోట్లో ఉస్కుకూ ఉస్కోకూ తేడా ఉండవచ్చు. కుక్క చెవికి లేదు.

“ఏమమ్మా, నీళ్లు తాగుతావా?” అన్నాడు ఓబుళేసు. “తూటాను ఏం చేసినారు? మీకొద్దంటే నాకు పంపీయండి. దానికి నేనంటే ప్రాణం.”

ఆమె నీళ్లు తాగకుండానే రోడ్డు మీదికి వచ్చింది.

ముద్దనూరులో బస్సు మారి, కొండాపురంలో దిగి, ఆటో మాట్లాడుకుంది. ఆటోవాడు సగం దారిలోనే ఆపేశాడు. “ముందరికి దారి లేదు మేడం. చానా దినాలాయె పైనుంచి నీళ్లొచ్చి.” మొండిగోడలు లేవు. కంపచెట్ల కొనలు మాత్రం అక్కడక్కడ నీళ్లలో ఊగుతున్నాయి. దూరంగా నాపరాతి స్తంభం తల, చెయ్యెడు, పైకి కనబడుతోంది. దాని మీద ఒక కొంగ నిలబడి ఉంది. అది ఆ స్తంభమేనో, మరొకటో, ఆమె తేల్చుకోలేకపోయింది. కూర్చో అని చెప్పి వచ్చింది. దాని కుక్క బుద్ధికి, నీళ్లు పొట్ట దాకా వచ్చేదాకా కూర్చునే ఉండి ఉంటుంది.

జమ్మలమడుగు పోయే బస్సులో ఆమె ఏడవలేదు. ఏడిస్తే పగ కరిగిపోతుంది. మరి ఆ పగ అసలు మనిషిని ఇప్పుడే పట్టుకుంది. అమ్మను లాగింది కుక్క కాదు, మాట. ఆ మాట అన్నది జైబున్నీసా. ఆ రోజు జరిగింది షాహిస్తా ఎన్నోసార్లు ఏడుస్తూ చెప్పింది. “గిన్నె జారతాందని అత్త ఏందో అరిచింది అక్కా, నేను గిన్నె సర్దుకునేలోపల...” ఏందో అరిచింది! హరిణి దారి పొడుగునా ఒక వాక్యాన్ని నూరుకుంటూ వచ్చింది: అమ్మను చంపింది నీ నోరత్తా. ఆ వాక్యాన్ని ఆ ముసలామె మెడకు కట్టి వదిలితే చాలు. కొక్కెం వేసి లాగి చూడక్కర్లేదు కూడా. బతికినన్నాళ్లూ ఆమె నోరు తెరిచినప్పుడల్లా, కోడలికి కూర ఇమ్మన్నా కొడుకును లేపమన్నా, ఆ ఉస్కు మాటే వస్తుంది. నోట్లోంచి తీసేయడానికి వీల్లేని మాట.

తమ గేటు దాటి పక్కింటి గేటు తీసింది. జైబున్నీసా అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట పట్టుకున్న ముంజేతి మీద కుట్ల గుర్తులు తెల్లగా ఉన్నాయి. ఆమెను చూసి లేవబోయి, మోకాళ్లు సహకరించక, లోపలికి కేకేసింది.

“షాహిస్తా! హరిణీ ఆయీ. ఉస్కు కుర్సీ దే!”

ఆ మాట వినగానే హరిణి తమ వాకిలి వైపు తిరిగింది. గోడ అవతల ఏదీ లేవలేదు. గొలుసు చప్పుడు లేదు.

షాహిస్తా కుర్చీ తెచ్చి వేసి, మళ్లీ లోపలికి పోయి ఒక గిన్నెతో వచ్చింది. అంచు మీద రాధమ్మ పేరు. బాగా తోమి ఉంది. “ఆ పొద్దుట్నుంచి మాకాడనే ఉండాది అక్కా. ఖాళీది ఎట్ల ఇయ్యల్లో తెలీక, నిండుది ఇయ్యనీక మొగం చెల్లక, పెట్టుకోనుండాం.” ఇప్పుడు అందులో నాలుగు ఖర్జూరాలు ఉన్నాయి. హరిణి కుడి చెయ్యి చాచి అందుకుంది. ఎడమ చెయ్యి ఖాళీగా ఒళ్లో ఉంది.

“గోపి బాగుండాడా పాపా తోటలో?” అన్నది జైబున్నీసా. “కరిచినోడే గానీ, వాడు లేక వీధి బోడిగా ఉండాది. మీ అమ్మ గొంతూ లేదు, వాడి గొంతూ లేదు.”

నూరుకుని తెచ్చిన వాక్యం నోటి దాకా వచ్చింది. హరిణి ఖర్జూరాల వైపు చూసింది.

“బాగుండాడత్తా,” అంది.

ఓబుళేసు చెప్పింది ఆమె ఆ తరువాత ఎవరికీ చెప్పలేదు, తండ్రికి కూడా. అడగడం మాత్రం అడిగింది.

“ఆ పొద్దు గేటు కాడ షాహిస్తాను ఏమన్నావత్తా?”

“ఏమంటా పాపా. సేమ్యా కాలుతాండాది, ఈ పిల్ల చేతిలో గిన్నె జారతాండాది. ‘ఉస్కు పకడ్’ అన్యా.”

“ఉస్కు అంటే ఏంది?”

ఇన్నేళ్లు గోడ పక్కన పెరిగి ఇది అడుగుతోందేమిటని జైబున్నీసా కోడలి వైపు చూసి, చేటలో ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

“దాన్ని, అని. గిన్నెను అన్యా ఆ పొద్దు. మనిషినీ అంటాం. ఇప్పుడు కుర్చీ ఇయ్యమన్యా గదా, ‘ఉస్కు కుర్సీ దే’ అని. ఆమెకు, అని. నీకు.”